పర్మాంగనేట్ అర్ధ చర్య: ఆమ్లంలో ఒక తీరు, క్షారంలో ఇంకో తీరు

ఇంటర్‌లో రెడాక్స్ (ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్య) సమీకరణాన్ని తుల్యం చేయడమంటే చాలామందికి టెన్షన్. ఆమ్ల యానకం వరకు బానే లాగిస్తారు, క్షారం అనగానే తడబడతారు. రెంటికీ ఒకే పర్మాంగనేట్ అయాన్ (MnO₄⁻: ఒక మాంగనీస్, 4 ఆక్సిజన్లు, ఆవేశం -1) తీసుకుని, అది ఎలక్ట్రాన్లు తీసుకునే సగాన్ని, అంటే అర్ధ చర్యను, రాద్దాం.

ఆమ్లంలో అది మాంగనీస్ 2+ అయాన్‌గా మారుతుంది. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య 7 నుంచి 2కి దిగుతుంది కాబట్టి ఎడమవైపు 5 ఎలక్ట్రాన్లు. 4 ఆక్సిజన్లకు కుడివైపు 4 నీటి అణువులు, వాటి హైడ్రోజన్లకు ఎడమవైపు 8 హైడ్రోజన్ అయాన్లు. ఆవేశం రెండు వైపులా +2. అంతే.

తటస్థ లేదా కొద్దిపాటి క్షార ద్రావణంలోనైతే అది మాంగనీస్ డయాక్సైడ్ దగ్గరే ఆగుతుంది, ఎలక్ట్రాన్లు 3 చాలు. ఇక్కడ హైడ్రోజన్ అయాన్లను మిగల్చకూడదు. ముందు ఆమ్లంలో లాగే చేయండి: ఎడమవైపు 4 హైడ్రోజన్ అయాన్లు, కుడివైపు 2 నీళ్లు వస్తాయి. ఇప్పుడు రెండు వైపులా 4 హైడ్రాక్సైడ్లు కలపండి. ఎడమవైపు 4 నీళ్లవుతాయి, రెండేసి కొట్టేస్తే ఎడమవైపు 2 నీళ్లు, కుడివైపు 4 హైడ్రాక్సైడ్లు మిగులుతాయి. ఆవేశం రెండు వైపులా -4. హైడ్రాక్సైడ్లను నేరుగా పెట్టే పద్ధతీ ఉంది కానీ, నా లెక్కలో ఈ దారిలోనే తప్పులు తక్కువ.

ఈ తేడా ల్యాబ్‌లో కంటికి కనిపిస్తుంది. పర్మాంగనేట్‌ను కొలుస్తూ చుక్కచుక్కగా కలిపే ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువ పోస్తే ఫ్లాస్కులో గోధుమరంగు మడ్డి వస్తుంది. అది మాంగనీస్ డయాక్సైడే. 5 ఎలక్ట్రాన్ల లెక్క ఇక చెల్లదు, రీడింగ్ పనికిరాదు.