రక్షణ పొందేది కొందరేనా, అందరి కోసం ఆశించవచ్చా?

రక్షణ అంటే పాపం నుంచి, నరకం నుంచి తప్పించుకుని మోక్షం చేరడం. అది ఎందరికన్నది కతోలిక క్రైస్తవ సంఘంలో పాత తగువు. ఒకవైపు పునీత అగస్టీన్ (354–430): మానవజాతి అంతా శిక్షకు పాత్రమైన ఒకే ముద్ద, అందులోంచి దేవుడు దయతో ఎత్తుకునేది కొందరినే. మరోవైపు 20వ శతాబ్దపు స్విస్ వేదాంతి హాన్స్ ఉర్స్ ఫాన్ బల్తసార్: అందరూ గట్టెక్కుతారని చెప్పలేం, ఆశించవచ్చు.

బైబిలు ఆధారం: అక్కడ మత్తయి సువార్త 7లోని, కొందరే కనుగొనే ఇరుకు ద్వారం. ఇక్కడ 1 తిమోతి 2:4, అందరూ రక్షణ పొందాలన్న దేవుని ఇచ్ఛ.

ఆచరణ: మొదటిది పాపసంకీర్తనానికి, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడానికి, పరుగెత్తిస్తుంది. రెండోది ఇతరుల కోసం మోకరిల్లజేస్తుంది.

ప్రమాదం: అసలు చిక్కంతా ఇక్కడే. భయం ముదిరితే నిరాశ. ఆశ ముదిరితే ‘ఎలాగూ గట్టెక్కుతాం’ అనే బద్ధకం. బల్తసార్‌ను విమర్శకులు పట్టుకున్నది ఇందుకే. అయితే నరకం ఖాళీ అని ఆయన తీర్మానించలేదు. సంఘం కూడా ఎందరినో పునీతులుగా, అంటే మోక్షంలో ఉన్నవారిగా, ప్రకటించింది గాని, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఎన్నడూ ప్రకటించలేదు. జపమాలలో పది పూసలు తిరిగాక చెప్పే, పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమాత నేర్పిందని నమ్మే ఫాతిమా ప్రార్థన చూడండి: అన్ని ఆత్మలనూ మోక్షానికి చేర్చమనే అడుగుతుంది.

పాపాన్ని తేలిగ్గా తీసుకునేవారికి అగస్టీనే మందు. పోయిన బిడ్డ గతి ఏమైందోనని కుమిలే తల్లికి మాత్రం నేను బల్తసార్‌నే చేతికిస్తాను. దారితప్పిన అగస్టీన్ కోసం ఆయన తల్లి మోనిక ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది కదా.