అమెరికా క్లియరెన్స్‌కు కడప లెక్కలు: ఒక టాక్స్ ఆఫీసుతో మా అనుభవం

అమెరికా పౌరుడై మేరీల్యాండ్‌లో స్థిరపడిన మా తమ్ముడికి అక్కడి రక్షణ శాఖ కాంట్రాక్టు పనిలో సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) అవసరం కావడంతో, ఇక్కడి లెక్కలు సరిచేసే బాధ్యత నా మీద పడింది. అందుకోసం కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర మేడ మీదున్న ఒక టాక్స్ కన్సల్టెన్సీకి రెండు నెలల పాటు తిరిగాను.

ఆ క్లియరెన్స్‌కూ తమ్ముడి పేరిట ఉన్న మా మడిగెల (దుకాణాల) అద్దెకూ సంబంధమేమిటని మొదట నేనూ అడిగాను. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న అక్కడి పదమూడు మార్గదర్శకాలలో ‘ఎఫ్’ అనేది డబ్బు వ్యవహారాలది. అప్పుల్లో మునిగినవాడు డబ్బు కోసం తప్పుదారి పట్టవచ్చన్న అనుమానం ఒకటి కాగా, పన్ను రిటర్నే వేయనివాడు రహస్యాల విషయంలో నియమాలు పాటిస్తాడా అన్నది మరొకటి. నింపవలసిన ఎస్ఎఫ్-86 ఫారం గడచిన ఏడేళ్లలో వేయని రిటర్నులనూ, 120 రోజులు దాటిన బకాయిలనూ, చివరకు జామీను ఉన్న అప్పులను సైతం అడుగుతుంది. మా మేనమామ కొడుకు ట్రాక్టరు అప్పుకు తమ్ముడు ఎప్పుడో పెట్టిన జామీను సంతకం అప్పుడు గుర్తుకొచ్చింది. మొండి బకాయిగా మారిన ఆ అప్పు ఆరేళ్ల కిందటే సెటిల్‌మెంట్‌లో తీరినా, బ్యాంకు నుంచి ‘బకాయి లేదు’ పత్రం ఎవరూ తీసుకోలేదు. ఆ దరఖాస్తు ఈ ఆఫీసువారే రాసిచ్చారు.

అసలు పని మడిగెల దగ్గర వచ్చింది. రెండేళ్లుగా నెలకు 40 వేల అద్దె వస్తోంది. అప్పట్లో ఏడు లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉండేది కాబట్టి పన్ను లేదనుకుని మేము రిటర్ను వేయలేదు. కన్సల్టెంటు కాగితం తీసి లెక్క వేశారు: 4,80,000లో 30 శాతం తగ్గింపు పోగా 3,36,000, అప్పటి మూడు లక్షల మినహాయింపు పోగా 36 వేల మీద 5 శాతం, సెస్సుతో కలిపి 1,872 రూపాయలు. ఆ రిబేటు ఇక్కడ నివసించేవారికే తప్ప ఎన్ఆర్ఐలకు లేదట. అంత చిన్న మొత్తానికి ఇంత హైరానా ఏమిటని నాకు విసుగు పుట్టినా, అక్కడివారు చూసేది మొత్తం ఒక్కటే కాదనీ, తప్పు తెలిసిన తరువాత ఏం చేశారన్నది కూడా చూస్తారనీ తమ్ముడు ఫోనులో చెప్పాడు. అందుకే గడువు దాటిన రెండేళ్లకూ అప్‌డేటెడ్ రిటర్నులు వేయించాము. పన్ను, వడ్డీల మీద ఒక ఏడాదికి 25 శాతం, మరో ఏడాదికి 50 శాతం అదనంగా కట్టాము. ఎన్ఆర్ఐ యజమానికి ఇచ్చే అద్దెలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోయవలసింది అద్దెదారులే కాబట్టి, కన్సల్టెంటు వారిద్దరినీ కూర్చోబెట్టి ఓపికగా వివరించి, అందుకు కావలసిన టాన్ నంబరు తీయించారు.

నాకు బాగా నచ్చింది మరొకటి. తమ్ముడి ఎన్ఆర్ఈ డిపాజిట్ (విదేశీ సంపాదనను ఇక్కడి బ్యాంకులో వేసేది) వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదుగానీ అమెరికాలో ఉంటుందని గుర్తుచేస్తూ, “అక్కడి రిటర్ను నాకు తెలిసిన పని కాదు సార్, తమ్ముడిగారిని అక్కడి ఆడిటరుతోనే చూపించుకోమనండి” అన్నారు. తెలియదని చెప్పగలిగే కన్సల్టెంటు మా ఊళ్లో అరుదు. తమ్ముడు ఆ వడ్డీని చూపని పాత రిటర్నులను అక్కడ సవరించి వేశాడు.

లోపాలూ ఉన్నాయి. ఆరు వేలని మొదలైన ఫీజు తొమ్మిదిన్నర వేలకు చేరింది. రసీదు అడిగితేగానీ ఇవ్వలేదు. తమ్ముడి ఇండియా సిమ్ ఎప్పుడో ఆగిపోయినందున ఓటీపీ రాదు; అలాంటప్పుడు వేసిన రిటర్నును 30 రోజుల్లోగా మరో మార్గంలో ధ్రువీకరించాలి. ఈ సంగతి ఆఫీసు కుర్రవాడు పన్నెండు రోజుల తరువాత చెప్పాడు. ఆ పని పూర్తి చేసేసరికి గడువుకు నాలుగు రోజులే మిగిలాయి.

కన్సల్టెంటు సాయంత్రం నాలుగు దాటాకే వస్తారు. వెళ్లేవారు ఫీజును ముందే కాగితం మీద రాయించుకుని, రిటర్ను ధ్రువీకరణ సంగతి మొదటి రోజే అడగడం మేలు.