ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎక్సెల్ టెంప్లేట్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

విజయవాడలో ఆహార పదార్థాలు పంపిణీ చేసే మా సంస్థలో లెక్కల విభాగం నా బాధ్యత. ఇక్కడ పదకొండు మందిమి, గుంటూరు బ్రాంచిలో ముగ్గురు, అందరం బిల్లులు, ఖర్చుల ఓచర్లు, వసూళ్ల పట్టికలు ఎక్సెల్‌లోనే చేస్తూ వచ్చాము. ఏడేళ్లుగా వీటి టెంప్లేట్లను, అంటే వివరాలు నింపడానికి ముందే సిద్ధం చేసిన ఖాళీ నమూనాలను, సర్వర్‌లోని ఒకే ఫోల్డర్‌లో ఉంచి వాడుతున్నాము. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది, అయితే దాని పరిమితి ముందే తెలిసి ఉంటే కొన్ని తప్పులు జరిగేవి కావు.

అమరిక సులువు. ఫైలును మామూలు వర్క్‌బుక్‌గా కాకుండా ఎక్సెల్ టెంప్లేట్ రకంగా, అంటే ఎక్స్‌ఎల్‌టీఎక్స్‌గా సేవ్ చేసి, ప్రతి కంప్యూటర్‌లోనూ ఎక్సెల్ ఆప్షన్లలోని ‘సేవ్’ విభాగంలో సొంత టెంప్లేట్ల స్థానంగా ఆ ఫోల్డర్ చిరునామా ఇస్తే, ‘న్యూ’ నొక్కినప్పుడు మా టెంప్లేట్లన్నీ అక్కడే కనిపిస్తాయి. చిరునామాను జెడ్, ఎస్ వంటి డ్రైవ్ అక్షరంతో కాక సర్వర్ పేరుతో మొదలుపెట్టి ఇవ్వాలి, ఎందుకంటే ఆ అక్షరం అన్ని కంప్యూటర్లలో ఒకటే ఉండదు.

మొదటి ఏడాది మార్చి నెలాఖరు హడావుడిలో ఒక సహోద్యోగి బిల్లు టెంప్లేట్‌ను ‘ఓపెన్’ ద్వారా తెరిచి, ఒక ఖాతాదారు వివరాలు నింపి, సేవ్ చేశారు. డబుల్ క్లిక్ చేసినా, ‘న్యూ’ నుంచి తీసినా పేరు చివర 1 చేరిన కొత్త ప్రతి వస్తుంది గానీ, ‘ఓపెన్’తో తీస్తే అసలు టెంప్లేటే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం దాకా అందరి బిల్లుల్లోనూ ఆ ఒక్క ఖాతాదారు పేరే వచ్చింది. తప్పు ఆయనది కాదు, ఫోల్డర్‌లో రాసే హక్కు అందరికీ వదిలేసిన నాది. మరునాడే అందరికీ చదివే హక్కు మాత్రమే ఉంచి, మార్చే హక్కు ఇద్దరికే ఇచ్చాము. ఆ తర్వాత ఇలాంటిది మళ్లీ జరగలేదు.

టెంప్లేట్‌లో ఒక తప్పు ఉంటే అది అందరికీ చేరుతుందన్నది రెండో పాఠం. ఖాతాదారు జీఎస్టీ నంబరులోని మొదటి రెండు అంకెలు రాష్ట్ర కోడ్ కాబట్టి, అవి ఆంధ్రప్రదేశ్ కోడ్ 37 అయితే రాష్ట్రం లోపలి అమ్మకాలకు పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, కాకపోతే వేరే రాష్ట్రానికి అమ్మినప్పుడు పడే ఐజీఎస్టీ వచ్చేలా, ఎడమ వైపు నుంచి కొన్ని అక్షరాలను తీసి ఇచ్చే లెఫ్ట్ ఫంక్షన్‌తో ఫార్ములా రాశాను. ఆ ఫంక్షన్ ఇచ్చేది అంకె కాదు, అక్షరరూపం. ఫార్ములాలో 37కు కొటేషన్ గుర్తులు పెట్టకపోవడంతో పోలిక ఎప్పుడూ కుదరక, పక్క వీధి దుకాణానికి కూడా ఐజీఎస్టీ పడింది. ఇప్పుడు ఏ మార్పు చేసినా ముందు 37తో ఒకటి, తెలంగాణ కోడ్ 36తో ఒకటి చొప్పున రెండు నమూనా బిల్లులు వేసి చూశాకే ఫోల్డర్‌లో పెడుతున్నాము.

అసలు పరిమితి 2025 సెప్టెంబర్ 22న తెలిసివచ్చింది. ఆ రోజు నుంచి నెయ్యి, వెన్నల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ముందు రాత్రే టెంప్లేట్ మార్చి ఉంచినా, ఉదయం గుంటూరు నుంచి వచ్చిన నెయ్యి బిల్లులో 12 శాతమే ఉంది. ఇంటర్నెట్ పోయినప్పుడు సర్వర్ అందదని అక్కడివారు ఎప్పుడో ఒక ప్రతిని డెస్క్‌టాప్‌పై దాచుకున్నారు. టెంప్లేట్ నుంచి ఒకసారి పుట్టిన ఫైలుకు దానితో సంబంధం తెగిపోతుంది, ఆ తర్వాత అసలును ఎంత సరిదిద్దినా పాత ప్రతికి ఆ మార్పు అందదు. వారి అవసరం న్యాయమైనదే కనుక ప్రతులు దాచుకోవద్దని నేను అనలేదు. ప్రతి టెంప్లేట్ అడుగున మార్పు తేదీ వేసి, బిల్లు పంపేముందు ఆ తేదీ చూడమని కోరాను. గుంటూరు ప్రతిని మార్పు చేసిన రోజునే నేను స్వయంగా పంపుతున్నాను.

ఇరవై మందికి లోపు ఉన్న, ఒకే రకం కాగితాలు రోజూ తయారుచేసే ఆఫీసుకు ఈ పద్ధతిని నిస్సంకోచంగా సూచిస్తాను. రేట్లు తరచూ మారే వ్యాపారమై, బ్రాంచీలు ఎక్కువగా ఉంటే మాత్రం బిల్లుల వరకైనా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారడం మేలు. మేము కూడా ఈ ఏప్రిల్ నుంచి బిల్లులను అటు మార్చి, ఓచర్లను, వసూళ్ల పట్టికలను ఈ ఫోల్డర్‌లోనే ఉంచుతున్నాము.