జాగ్రత్త: 'జీవితకాలం అప్‌డేట్లు' అంటూ అమ్మే లైనక్స్ పెన్‌డ్రైవ్ కిట్లు కొనేముందు ఇది చదవండి

లైనక్స్ అంటే విండోస్‌కి బదులు వాడుకోగల, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక పుస్తకంతో కలిపి ఆన్‌లైన్‌లో 'లైనక్స్ స్టార్టర్ కిట్' అని అమ్ముతుంటే ఒకటి కొని మోసపోయాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, అందుకని అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలా అమ్మేది వాళ్లొక్కరే అయి ఉండరు. అందుకే పేరు పక్కన పెట్టి, కిట్‌లో ఏం దొరికిందో చెబుతాను.

ముందు నా తెలివితక్కువతనం. నేను లైనక్స్ వాడబట్టి చాలా ఏళ్లయింది. ఐఎస్ఓ ఫైలు (మొత్తం సిస్టమ్ ఉండే ఒకే ఫైలు) దించుకోవడం, దాన్ని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించడం నాకు కొత్త కాదు. మరి ఎందుకు కొన్నావయ్యా అంటే, పుస్తకం కోసం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. మా పెదనాన్న కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం లేదు, కాబట్టి విండోస్ 11 ఎక్కదు. మెషీన్ మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది, పారేయడానికి ఆయనకి మనసొప్పలేదు. లైనక్స్ వేద్దామన్నాను, సరేనన్నారు. చిక్కల్లా ఒక్కటే, ఆయన తెర మీద చదవరు. కాగితం మీద ఉంటే పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ అక్షరం వదలకుండా చదువుతారు. కిట్‌లో అచ్చు పుస్తకం ఉందన్నారు. పైగా 'తాజా వెర్షన్, జీవితకాలం అప్‌డేట్లు, జీవితకాలం సపోర్ట్' అని రాశారు. రోజూ ఫోన్లో పాఠాలు చెప్పే బాధ తప్పుతుందని కొనేశాను.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లన్నీ దాని మీదే వస్తాయి. ఉచితంగా దొరికేదాన్ని డబ్బుకి అమ్మడం తప్పు కాదు. లైనక్స్‌లో చాలా భాగానికి ఉండే జీపీఎల్ లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అయితే కాపీలకి ఎంత కావాలంటే అంత తీసుకోండి అనే చెబుతుంది. ఉబుంటు (లైనక్స్ రకాల్లో ఒకటి) వాళ్లు 2011 దాకా అడిగినవాళ్లకి సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. నాకు లైనక్స్ మొదట ఇంటికొచ్చింది అలాగే. ఆ రోజులు పోయాక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, కష్టానికి డబ్బు తీసుకుంటే కాదనేవాడిని కాను. నా గొడవ అంతా పెన్‌డ్రైవ్ లోపల ఉన్నదాని గురించి.

ఇన్‌స్టాలేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డెస్క్‌టాప్ వచ్చింది, వైఫై పట్టింది, పాటలు మోగాయి. పెదనాన్న సంతోషపడ్డారు, నేనూ బస్సెక్కేశాను. నాలుగో రోజు ఫోన్. "ఒరేయ్, పుస్తకంలో ఉన్నట్టే కొడుతున్నాను, కమాండ్ లేదంటోంది. నాలుగుసార్లు కొట్టాను. నా టైపింగ్ తప్పేమో చూడు" అన్నారు. ఒక్కో అక్షరం చదవమన్నాను. 'జీకేఎస్‌యూడీఓ', ఖాళీ, 'జీఎడిట్'. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది కూడా. జీకేఎస్‌యూడీఓ అంటే ఒక ప్రోగ్రామ్‌ని అడ్మిన్ అధికారంతో తెరిచే పాత కమాండ్, దాన్ని ఉబుంటు 18.04 నాటికే తీసేశారు. ఆయన అక్షరం కూడా తప్పు కొట్టలేదు. లేని కమాండ్‌ని అంత పెద్దమనిషి చేత నాలుగుసార్లు కొట్టించింది ఆ పుస్తకం.

వారాంతంలో వెళ్లి పుస్తకం తిరగేశాను. ఫ్లాష్ ప్లేయర్ ఎలా వేసుకోవాలో ఒక అధ్యాయం మొత్తం ఉంది. ఫ్లాష్‌ని అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది. ఇంకో చోట 'ఎడమ పక్క బార్‌లో డ్యాష్ నొక్కండి' అని బొమ్మతో సహా వేశారు. అది యూనిటీ డెస్క్‌టాప్. ఉబుంటు 17.10లో గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌కి మారినప్పుడే ప్రధాన వెర్షన్ నుంచి యూనిటీ పోయింది. ఎక్కడెక్కడో ఉచితంగా దొరికే పాత గైడ్లు ఏరి, కుట్టి, మెరిసే అట్ట వేశారన్నమాట. ఎప్పుడు రాశారు, ఏ వెర్షన్ కోసం రాశారు అన్నది ఏ పేజీలోనూ లేదు.

తర్వాత కంప్యూటర్ చూశాను. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి అప్‌డేట్ కమాండ్ ఇస్తే వరసగా 404 (ఫైలు దొరకలేదు) ఎర్రర్లు, కింద 'రిలీజ్ ఫైలు లేదు' అనే మాట. సెట్టింగ్స్‌లో చూస్తే ఉబుంటు 22.10 అని ఉంది. కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఉబుంటు వెర్షన్ నంబర్ అంటే సంవత్సరం, నెల. 22.04 అంటే 2022 ఏప్రిల్, 22.10 అంటే అదే ఏడాది అక్టోబర్. పెద్ద నంబర్ కదా, ఇదే కొత్తది, ఇదే మంచిది అనిపిస్తుంది. కానీ సరిసంఖ్య సంవత్సరాల్లో ఏప్రిల్‌లో వచ్చేవే ఎల్‌టీఎస్‌లు, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండేవి: 20.04, 22.04, 24.04. వాటికి ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మిగతా వెర్షన్లకి ఇచ్చేది తొమ్మిది నెలలే. కాబట్టి 22.04కి 2027 దాకా ఆయుష్షు ఉంది. దాని తర్వాత పుట్టిన 22.10 మాత్రం 2023 జులైలోనే పోయింది. పోయినదాన్ని 'తాజా వెర్షన్' అని మాకు అంటగట్టారు.

మరి నాలుగు రోజులూ ఏ తేడా ఎందుకు కనపడలేదంటే, ఫైర్‌ఫాక్స్ ఉబుంటులో స్నాప్ ప్యాకేజీగా వస్తుంది. దాని అప్‌డేట్ దారి వేరు, అది దానంతటదే అప్‌డేట్ అయిపోతోంది. బ్రౌజర్ కొత్తగా మిలమిలలాడుతుంటే అడుగున సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ పాతబడిపోయిందని ఎవరికి తోస్తుంది?

ఇంతవరకే అయితే పాత సరుకు అమ్మారని తిట్టుకుని ఊరుకునేవాడిని. పుస్తకంలో 34వ పేజీ చూశాక టెన్షన్ మొదలైంది. 'అప్‌డేట్ ఎర్రర్ వస్తే' అని శీర్షిక. అంటే ఎర్రర్ వస్తుందని వాళ్లకి ముందే తెలుసు! కింద రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే సర్వర్) జాబితాలో చేర్చుకోమని ఒక లైన్ ఇచ్చారు. అది వాళ్ల సొంత సర్వర్ అడ్రస్. దాని ముందు చదరపు బ్రాకెట్లలో 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' (trusted=yes). మామూలుగా ఏపీటీ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ దించే ప్రోగ్రామ్) ఏ ప్యాకేజీ దించినా, దాని జాబితా మీద అసలైన డిజిటల్ సంతకం ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే ఒప్పుకోదు. ఈ ఒక్క మాట చేరిస్తే ఆ తనిఖీ ఆగిపోతుంది. గేటు దగ్గర కాపలావాడితో 'వీళ్లు మనవాళ్లే, సంచీ చూడకు' అని చెప్పడమే. ఆ సర్వర్ నుంచి ఏది వచ్చినా రూట్ అధికారంతో, అంటే సిస్టమ్‌లో ఏదైనా చేయగల అధికారంతో, లోపలికి వచ్చేస్తుంది.

అనుమానం వచ్చాక ఊరుకోబుద్ధి కాదు కదా. బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే పోర్టుల్లో ఏవేవి తెరిచి ఉన్నాయో చూశాను. 22 తెరిచి ఉంది, అది దూరం నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ది. మామూలు ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వేసి ఉండదు, మనం వేసుకోవాలి. ఇందులో ముందే వేసి ఉంచారు. రూట్ యూజర్ ఫోల్డర్‌లో ఆథరైజ్డ్ కీస్ అనే ఫైల్ తెరిస్తే ఒకే ఒక్క పొడవాటి లైన్, చివర 'సపోర్ట్' అన్న మాట. ఆ కీ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు పాస్‌వర్డ్ అడక్కుండా రూట్‌గా లోపలికి రావచ్చు. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. ఇంటి రౌటర్ వెనక ఉన్న కంప్యూటర్‌లోకి బయటినుంచి నేరుగా రావడం మామూలుగా కుదరదు, అది నిజమే. నిజంగానే రిమోట్ సపోర్ట్ కోసం పెట్టారేమో కూడా, చెడ్డ ఉద్దేశమని నేను నిరూపించలేను. కానీ ఆ ముక్క కిట్ మీద గానీ పుస్తకంలో గానీ ఎక్కడా చెప్పలేదు.

దీనికి తోడు ఆ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0. 2024 జులై 1న క్వాలిస్ సంస్థ బయటపెట్టిన 'రిగ్రెషన్' అనే సెక్యూరిటీ లోపం 8.5 మొదలు 9.7 దాకా ఉన్న వెర్షన్లకి వర్తిస్తుంది. సపోర్ట్ ఉన్న వెర్షన్లకి వెంటనే ప్యాచ్ వచ్చింది. 22.10కి అప్పటికే ఏడాదిగా అప్‌డేట్లు లేవు, కాబట్టి దానికి రాలేదు.

పెన్‌డ్రైవ్‌లో చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తెలిపే, వేలిముద్ర లాంటి విలువ) ఫైల్ కూడా పెట్టారండోయ్! 'మా ఫైల్ అసలైనదో కాదో మీరే చూసుకోండి' అని. చూశాను, సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? ఐఎస్ఓ మార్చినవాళ్లే ఆ ఫైల్ కూడా రాశారు. ఎలుకకి పిల్లి సాక్ష్యం. అదే చెక్‌సమ్‌ని (ఎస్‌హెచ్‌ఏ256 విలువని) ఉబుంటు అధికారిక జాబితాతో పోలిస్తే ఎక్కడా పొంతన లేదు. ఈ పోలిక కొనేముందు కుదరదు, చేతికొచ్చాక ఇన్‌స్టాల్ చేయకముందు చేయాల్సింది. నేను చేయలేదు, ఒప్పుకుంటున్నాను.

అధికారిక సైట్ అనగానే కళ్లు మూసుకోకూడదని కూడా అనుభవం ఉంది. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే మరో లైనక్స్ రకం సైట్‌లోకే చొరబడి, 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకుని మార్చి, 'సునామీ' అనే మాల్వేర్ కలిపిన ఐఎస్ఓ దిగేలా చేశారు. ఒకే చోట దొరికే ఫైలు, చెక్‌సమ్ రెండూ ఒకే దొంగ చేతిలో పడొచ్చు. అందుకే చెక్‌సమ్ జాబితా మీద ఉండే జీపీజీ అనే డిజిటల్ సంతకాన్ని కూడా సరిచూసుకోవాలి. మొదటిసారి చిరాగ్గా ఉంటుంది, రెండోసారి రెండు నిమిషాల పని.

అమ్మినతనికి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. జీవితకాలం అప్‌డేట్లు అన్నారు కదా, ఇది 2023లోనే ఆగిపోయిందేం అంటే, "లైఫ్‌టైమ్ అంటే ఆ వెర్షన్ లైఫ్‌టైమ్ సార్" అన్నాడు. కీ సంగతి అడిగితే టెక్నికల్ టీమ్‌తో మాట్లాడిస్తానన్నాడు. రీఫండ్ మాటెత్తితే, సీల్ తీసిన పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకోం అన్నాడు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు.

ఇలాంటి కిట్ కొనాలనుకుంటున్నవాళ్లు ముందు ఖచ్చితమైన వెర్షన్ నంబర్ అడగండి. 'లేటెస్ట్' అంటే ఒప్పుకోవద్దు. నంబర్ చెబితే దాని సపోర్ట్ ఎప్పటిదాకానో ఆ డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ రకం) సొంత సైట్‌లో చూడండి. లోపల ఉన్నది మార్చని అసలు ఐఎస్ఓనేనా అని రాతపూర్వకంగా అడగండి, నిజాయితీగా అమ్మేవాడికి ఈ ప్రశ్నతో ఇబ్బంది ఉండదు. పుస్తకమో గైడో అయితే ఏ వెర్షన్ కోసం, ఏ సంవత్సరంలో రాశారో చూడండి. తేదీ లేని లైనక్స్ గైడ్‌ని నేనైతే ముట్టుకోను. ఏదో అడ్రస్ నుంచి స్క్రిప్ట్ దించి నేరుగా సూడో బాష్‌కి పంపమనే, అంటే చదవకుండానే అడ్మిన్ అధికారంతో నడపమనే గైడ్‌ని తేదీ ఉన్నా సరే ముట్టుకోను.

ఇప్పటికే కొని ఇన్‌స్టాల్ చేసేశారా? ఆ కీ ఒక్కటి చెరిపేసి హమ్మయ్య అనుకోవద్దు. ఇంకేం మార్చారో మనకి తెలియదు. పైగా తనిఖీ చేసే కమాండ్లు కూడా వాళ్లు ఇచ్చిన సిస్టమ్‌లోవే. ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకుని, అసలు సైట్ నుంచి దించిన ఎల్‌టీఎస్‌తో డిస్కు మొత్తం తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత, వేరే మెషీన్ నుంచైనా సరే, ఆ కంప్యూటర్‌లో కొట్టిన ప్రతి పాస్‌వర్డ్ మార్చండి. మెయిల్, బ్యాంకు అందరికీ గుర్తుంటాయి, వైఫై పాస్‌వర్డ్ మర్చిపోతారు.

పెదనాన్న కంప్యూటర్‌లో ఇప్పుడు 24.04 ఉంది. పుస్తకం బదులు ఆయనకి కావలసిన పదకొండు పనులు నేనే రాసి, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇచ్చాను. ప్రతి పేజీ మీదా వెర్షన్, తేదీ వేశాను. డబ్బు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను. ఆ పెన్‌డ్రైవ్‌ని సాక్ష్యం కోసం దాచి ఉంచాం. కవర్లో పెట్టి, కవరు మీద పెదనాన్న పెన్సిల్‌తో 'దీన్ని ఎక్కడా గుచ్చవద్దు' అని రాసి, కింద రెండు గీతలు గీశారు.