ముక్కల నిద్రతో 14 నెలలు

రాత్రి మూడున్నర గంటల నిద్ర, పగలు 20 నిమిషాల కునుకులు మూడు. 'ఎవ్రీమ్యాన్' అని పిలిచే ఈ పద్ధతిని ఐదు నెలలు పాటించాను. ఆ తర్వాత తొమ్మిది నెలలుగా రాత్రి ఆరు గంటల నలభై నిమిషాలు పడుకుని, మధ్యాహ్నం ఒక్క కునుకు తీస్తున్నాను. మొదటి పద్ధతిని పాటించమని ఎవరికీ చెప్పను. రెండోదాన్ని వదులుకోను.

మొదటి మూడు వారాలు ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుసు. నాలుగో వారంలో మగత తగ్గింది. కన్ను మూయగానే కలలు రాసాగాయి. శరీరం దారికి వచ్చిందని పొంగిపోయాను. నిజానికి కలలు అంత తొందరగా రావడం కలల నిద్ర బకాయి పడిందనడానికి గుర్తు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి తొలి భాగంలోనే పడుతుంది, కలల నిద్ర తెల్లవారుజామున పెరుగుతుంది. మూడున్నర గంటలకే లేచేవారు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ రెండోదాన్నే. పగటి కునుకులు ఆ లోటును పూడ్చలేవు.

రోజూ రెండు విషయాలు నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని: పది మార్కులకు నా మగత ఎంత, కంప్యూటర్ తెరపై చుక్క కనబడ్డాక మీట నొక్కడానికి ఎంతసేపు పట్టింది. రెండో నెలకల్లా మగత ఎనిమిది నుంచి నాలుగుకు దిగింది. మీట నొక్కే వేగం మాత్రం కోలుకోలేదు. పైగా చుక్కను అసలు గమనించని సందర్భాలు పెరిగాయి. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. 14 రోజులు రాత్రికి ఆరు గంటలో, అంతకన్నా తక్కువో పడుకున్నవారి పనితీరు రోజురోజుకూ దిగజారింది, కానీ తమకు నిద్ర చాలడం లేదన్న సంగతి వాళ్లకు పెద్దగా తెలియలేదు. అందుకే "నాకు అలవాటైపోయింది" అన్న మాటను నేనిప్పుడు నమ్మను, నా నోటి నుంచి వచ్చినా సరే.

ఒక సాయంత్రం మా పాపకు కథ చదువుతూ ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివాను. పాప చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ నెలల్లోనే కారు కూడా నడిపాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ రాత్రే మానేశాను.

మరి నిద్ర తగ్గించి రోజుకు మిగుల్చుకున్న మూడు గంటలు ఏమయ్యాయి? సగం, అర్ధరాత్రి చేసిన పనిని పగలు మళ్లీ సరిదిద్దుకోవడానికే పోయాయి.

ఒంటరిగా సముద్రం దాటే నావికులు కునుకులతో నెట్టుకొస్తారన్న ఉదాహరణ తరచుగా చెబుతారు. కాపలా కాసే రెండో మనిషి పడవలో లేక వాళ్లు అలా పడుకుంటారు. ఇంట్లో మంచం ఉన్నవారికి ఆ అవసరం ఏముంది?

ఒక్క కునుకు మాత్రం నిజంగా వరం. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య చాలామందికి సహజంగానే కళ్లు వాలతాయి, అప్పుడే పడుకుంటాను. 20 నిమిషాలు దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక అరగంట దాకా తల దిమ్ముగా ఉంటుంది. మూడు దాటాక తీసిన కునుకు రాత్రి నిద్రను తినేస్తుంది. పడుకునే ముందు కాఫీ తాగితే, దాని ప్రభావం లేచే వేళకు అందుకుంటుంది. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని కదలకుండా ఉంటాను, అదీ కొంత విశ్రాంతే.

రాత్రి, పగలు కలిపితే సరిగ్గా ఏడు గంటలు. పెద్దలకు కనీసం అంత నిద్ర ఉండాలన్నది నిద్ర వైద్యుల మాట. మధ్యాహ్నం కునుకు కుదరని రోజున రాత్రి అరగంట ముందే దీపం ఆర్పేస్తాను.