సియెనా పాలియోకి "సెంటర్ పాస్" కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మొన్న ఆగస్టు 16న ఇటలీలోని సియెనాలో పాలియో గుర్రప్పందేనికి వెళ్ళొచ్చాం. చూశాం అనను, వెళ్ళొచ్చాం అంతే. పాస్‌లు ఎవరి దగ్గర కొన్నామో ఇక్కడి తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రతి పండక్కీ "మనవాళ్ళకి స్పెషల్ రేటు" అని పోస్టు పెడతాడే, ఆయనే. ఆయన గ్రూపులోనే అడిగితే నా మెసేజ్ డిలీట్ చేశాడు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మనిషికి 95 యూరోలు, నలుగురికి 380. "పియాజ్జా దెల్ కాంపో నడిబొడ్డున అక్కా, ఇంతకన్నా మంచి చోటు లేదు" అన్నాడు. పందెం జరిగే మైదానం అదే. రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కూర్చోడానికి ఉంటుందా అని మరీ మరీ అడిగాను. "అన్నీ నేను చూసుకుంటా, టెన్షన్ పడకండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది ఇంకా నా ఫోన్లోనే ఉంది.

తీరా వెళ్తే ఎవరో కుర్రాడు వచ్చి మా చేతులకి నారింజ రంగు కాగితం బ్యాండ్లు చుట్టి, వియా దుప్రే అనే వీధి వైపు చెయ్యి చూపించి "అటు వెళ్ళండి" అని మాయమయ్యాడు. గేటు దగ్గర మా ఆయన బ్యాండ్ కనబడేలా చొక్కా చెయ్యి పైకి మడుచుకుని మరీ చూపించారు. పోలీసాయన మా బ్యాగులు వెతికాడు తప్ప ఆ బ్యాండ్ వంక కన్నెత్తి కూడా చూడలేదు. మా పక్కనుంచే కాలేజీ పిల్లలు బ్యాండూ గీండూ లేకుండా ఐస్‌క్రీమ్ తింటూ లోపలికి పోతున్నారు. పాస్ ఉన్నవాళ్ళు ఎటు వెళ్ళాలని అడిగితే ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత జాలిగా చూశాడు. మైదానం మధ్యలో నిలబడి చూడటం అందరికీ ఉచితమట! అంతర్వేది రథోత్సవంలో వీధిలో నిలబడ్డానికి టికెట్ అమ్మినట్టు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"సెంటర్ ఫ్రీ అట కదా?"

"ప్లేసు ఫ్రీయే అక్కా. నేను తీసుకుంది గైడెన్స్‌కి."

గైడెన్స్ అంటే "అటు వెళ్ళండి" అన్న రెండు మాటలు. మాట ఒక్కింటికి 190 యూరోలు పడింది.

"మరి అత్తయ్యగారు ఎక్కడ కూర్చోవాలి?"

"కింద కూర్చోవచ్చు కదా. అయినా ఇలాంటివాటికి ముసలివాళ్ళని ఎవరు తెమ్మన్నారక్కా?"

అని నవ్వాడు. డబ్బు పోయినందుకు ఇంత మంట లేదు, ఆ నవ్వుకే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అత్తయ్యగారు విన్నారు, ఏమీ అనలేదు, కొంగు తలమీదికి లాక్కున్నారు.

కింద అంటే ఆగస్టు ఎండకి కాలిన ఎర్ర ఇటుకల నేల. జనం నిండాక అది కూడా దొరకదు. లోపల టాయిలెట్లు లేవు, దారులు మూసేశాక పందెం అయ్యేదాకా బయటపడటం మహా కష్టం. ఊరేగింపులో జెండాలు ఎగరేస్తారు, అవి గాల్లోకి లేచినప్పుడు మాత్రం అత్తయ్యగారికి కనిపించాయి. ఊళ్ళో ఉన్న 17 పేటల్లో ఈసారి వంతు వచ్చిన 10 పేటల గుర్రాలు రావాలి, తొమ్మిది తాళ్ళ దగ్గర వరసలో నిలబడాలి, పదోది వెనకనుంచి తనకి నచ్చినప్పుడు దూకితేనే మొదలవుతుంది. నిలబెట్టడం, చెదిరిపోవడం, మళ్ళీ వెనక్కి పంపడం... ఆవిడ మా ఆయన భుజం పట్టుకుని ఒంటికాలి మీద బరువు మార్చుకుంటూనే ఉన్నారు. చివరికి మూడు చుట్లు నిమిషంన్నర లోపే అయిపోయాయి. ఆవిడ చూసింది జాకీల టోపీలు.

పాలియోని ఏమీ అనను. మామయ్యగారు పొడుగు, ఆయనకి బాగా కనిపించింది, ఇప్పటికీ అవే కబుర్లు. గూగుల్‌లో కొట్టినా తెలిసే సంగతికి మన తెలుగువాడే కదా అని డబ్బులు పంపిన నన్ను అనుకోవాలి.

వెళ్ళేవాళ్ళకి: సెంటర్‌కి పైసా ఇవ్వకండి. టికెట్ ఉండేది చుట్టూ ఉన్న గ్యాలరీ బెంచీలకీ, బాల్కనీలకీ. రేట్లు బాగా ఎక్కువే, వాటి వెనకున్న దుకాణాల, ఇళ్ళ యజమానుల్నే నేరుగా అడగండి. పెద్దవాళ్ళుంటే అసలు పందెం రోజు వద్దు. జులై 2 పందేనికైతే జూన్ 29 నుంచి, ఆగస్టు 16దానికైతే 13 నుంచి అదే మైదానంలో ట్రయల్స్ ఉంటాయి, జనం తక్కువ. వానొస్తే పందెం వాయిదా పడుతుంది, 2024లో రెండూ పడ్డాయి, అప్పుడు టికెట్ డబ్బుల సంగతేంటో ముందే రాయించుకోండి.

ఇంకోటి, పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమంటాడు. అలా పంపితే కొనుగోలు రక్షణ ఉండదు, మాకు రూపాయి వెనక్కి రాలేదు. స్క్రీన్‌షాట్లు, ఆ వాయిస్ మెసేజ్ కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తా.