నాన్నగారి పొందూరు పంచెతో కుట్టించిన గౌను: కడుపు ఆపరేషను తరువాత 14 నెలల వాడకం

నాకు గర్భసంచి తీసివేసి ఈ నెలకు 14 నెలలు నిండాయి. ఈ కాలంలో నా ఒంటి మీద ఎక్కువ రోజులు ఉన్నది చీర కాదు, నైటీ కాదు, మందుల దుకాణంలో అమ్మే సాగే పైజమా అసలే కాదు. నాన్నగారు పోయాక పెట్టె అడుగున ఉండిపోయిన పొందూరు ఖాదీ పంచెను కత్తిరించి కుట్టించుకున్న ఒక గౌను అది. నడుము దగ్గర ఎక్కడా ఆగకుండా భుజాల నుంచి మడమల దాకా జారిపోవడమే దాని గొప్పతనం. మొదటి రెండు నెలల్లో నన్ను పరామర్శించడానికి వచ్చిన ప్రతివారికీ దీన్ని తెగ మెచ్చుకుంటూ చెప్పాను. అందులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి ఉంది.

కోత అడ్డంగా, బొడ్డుకు నాలుగు వేళ్ల కింద పడింది. ముప్ఫై ఏళ్లుగా లంగా బొందు బిగించి బిగించి నల్లని చార తేలిన చోటికి అది జానెడు దూరం కూడా లేదు. బొందును పైకి జరిపి డొక్కల కింద కట్టి చూశాను. కట్టినంతసేపు బాగానే ఉండేది కాని, కుచ్చిళ్ల బరువుకు అరగంటలో దిగజారి సరిగ్గా కుట్ల మీదికి వచ్చి కూర్చునేది. ఎలాస్టిక్ పెట్టిన పైజమాలది మరో తీరు. ఒకచోట కాకుండా చుట్టూ నొక్కుతాయి. ఇంట్లో నైటీతో సరిపెట్టుకోవచ్చు. కాని మా ఇల్లు అరసవల్లి వెళ్లే దారిలో ఉంది. సంక్రాంతి వెళ్లాక ఆపరేషను చేయించుకున్నందువల్ల రథసప్తమికి దర్శనానికి వచ్చిన బంధువులంతా పనిలో పనిగా నన్నూ చూసి వెళ్లారు. పాతికేళ్లు బడిలో పాఠం చెప్పినదాన్ని, పై పంచె కప్పుకొని నైటీలో అంతమందికి ఎదురుగా కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ పట్టింపు లేనివారు ఈ సమీక్ష చదవకపోయినా నష్టం లేదు.

గౌను కుట్టినది పక్క వీధి అమ్మాయి. పంచె చేతికి ఇవ్వగానే మడత విప్పి వెలుగుకు పట్టి చూసి, “ఏటి టీచరుగారూ, ఇంకా పదేళ్లు కట్టొచ్చు దీన్ని, కత్తిరించీమంటారేటి?” అని ఒకటికి రెండుసార్లు అడిగింది. కొలతలు తీసుకోవడానికి ఉదయం వస్తానంటే నేను సాయంత్రం రమ్మన్నాను. ఆపరేషను తరువాత పొట్ట తెల్లవారేసరికి ఒక తీరుగా, సాయంత్రానికి మరో తీరుగా ఉంటుందని అప్పటికి నాకు అర్థమయింది. టేపు పెట్టి చూస్తే పొద్దుటికీ దీపాలు పెట్టే వేళకూ రెండు అంగుళాలకు పైగా తేడా వచ్చింది. ఉదయపు కొలతకు కుట్టించుకున్న బట్ట మధ్యాహ్నం అన్నం తిన్నాక శత్రువవుతుంది. అందుకని సాయంత్రపు కొలతకు మరో నాలుగు అంగుళాలు కలిపి, చంకల కింది నుంచే విచ్చుకునేలా కోయమన్నాను. ముందు భాగంలో మెడ నుంచి బొడ్డు కిందికి వరుసగా బొత్తాములు పెట్టించాను. మొదటి మూడు వారాలు చేతులు పైకెత్తి తల మీదుగా ఏదైనా వేసుకోవాలంటే పొట్ట కండరం మొత్తం లాగేది. పడుకునే వేసుకొని పడుకునే విప్పుకోగలిగే బట్ట విలువ ఆ మూడు వారాల్లో తెలిసింది. లోపల మెత్తని మల్ గుడ్డ లైనింగును చాతీ దగ్గరే కలిపి కుట్టించడం వల్ల లంగా అవసరమే లేకపోయింది. పంచె ఎర్రంచును బొత్తాముల పట్టీకి, చేతుల చివరలకు, కింది అంచుకు వాడింది. అలా వాడమని నేను చెప్పలేదు; ఆ అమ్మాయికే తట్టింది. చూసినవారు దాన్ని రోగి బట్ట అనుకోకపోవడానికి కారణం ఆ అంచే.

పొందూరు బట్ట గురించి మన శ్రీకాకుళం జిల్లావారికి నేను చెప్పేదేముంది? వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేతితో 100 కౌంటు, అంటే చాలా సన్నని, నూలు వడికే ఊరు మనకు ఇంత దగ్గరలో ఉంది. అయితే ఆ సన్నదనం పెళ్లిళ్లకూ సభలకూ పనికివచ్చే అందం మాత్రమే అనుకున్నదాన్ని, చైత్ర వైశాఖాల ఉక్కలో దాని అసలు ఉపయోగం చూశాను. కోత మానిన చోట చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. చెమట పట్టినా, బట్ట రాసుకున్నా వెంటనే తెలియదు. ఎర్రగా కందిపోయాకే కంటికి కనిపిస్తుంది. సింథటిక్ కలిసిన నైటీలు వేసుకున్న రోజుల్లో అలా రెండుసార్లు కందింది. ఈ గౌనుతో ఒక్కసారీ కందలేదు.

ఇక పెళ్లినాటి సంగతి చెప్పాలి. ఫాల్గుణంలో విజయనగరంలో మా మేనల్లుడి పెళ్లి జరిగింది. నాకు అప్పటికి ఏడో వారం. బరువులు ఎత్తకుండా ఉంటే వెళ్లవచ్చని, ప్రయాణంలో పొట్ట బెల్టు తీయవద్దని డాక్టరుగారు చెప్పారు. లోపల పల్చని బనీను, దాని మీద బెల్టు, పైన గౌను, భుజం మీద పట్టు అంచు చున్నీతో బయలుదేరాను. నాతవలస దగ్గర హైవే దిగి విజయనగరం చేరేదాకా ఏ ఇబ్బందీ లేదు. మండపంలో ఇద్దరు ముగ్గురు ఆ గౌను ఎక్కడ కొన్నావని అడిగారు కూడా.

నేను గమనించనిది ఒకటి ఉంది. బెల్టు కొన్ననాటికి నా పొట్ట వాచి ఉంది. ఏడో వారానికి వాపు బాగా తగ్గిపోవడంతో అదే బెల్టును మరింత లోపలికి లాగి అంటించవలసి వచ్చింది. దాని వెల్క్రో అంటుకోవడానికి కేటాయించిన నూగు పట్టీ ఒక మేరకే ఉంది. అది దాటిన కొస సాగే గుడ్డ మీద పడి, సరిగా అంటుకోక, మూల దగ్గర పైకి మడతపడింది. ఆ మూలలో ఉన్న సన్నని కొక్కేలు రెండు బొత్తాముల మధ్య సందులోంచి తొంగిచూసి పంచె పోగులను పట్టుకున్నాయి. కూర్చున్నంతసేపు ఏమీ తెలియలేదు. అక్షింతలు వేయడానికి లేచి, వేదిక మెట్టు ఎక్కుతూ చెయ్యి ముందుకు చాచగానే చర్రుమని ఒక చప్పుడు వినిపించింది. సన్నాయి మోగుతున్నా ఆ చప్పుడు నాకు వినిపించింది. పక్కనున్న మా ఒదినకూ వినిపించింది. ఎర్రంచు పక్కనే పేక పోగులు బెత్తెడు మేర లాగుకుపోయి, ఒకచోట బట్ట చిరిగి లోపలి బెల్టు బయటపడింది. ఒదిన ఏమీ మాట్లాడకుండా నా చున్నీ లాగి ముందుకు కప్పి, పిన్నీసు పెట్టి, నా చేతిలో మిగిలిన అక్షింతలు తానే వేసింది. భోజనాల దాకా నేను గోడవారగా కూర్చున్నాను. పొట్ట నొప్పి వల్ల అనుకొని అందరూ జాలిపడ్డారు.

ఆ బెల్టు కంపెనీ మీద నాకు ఇప్పటికీ కోపమే. వాపు తగ్గేకొద్దీ నడుము కొలత తగ్గుతుందని ఆపరేషను చేయించుకున్నవారికి తెలిసినప్పుడు, వారి కోసమే బెల్టు తయారుచేసేవారికి తెలియదా? మరునాడే దాని అదనపు కొసను కత్తెరతో కోసి, అంచు చుట్టూ గుడ్డపేలిక పెట్టి కుట్టాను. పంచెలో మిగిలిన ముక్కతో బెల్టుకు గలేబు లాంటి తొడుగు కుట్టించాను. కొక్కేల్లో చిక్కుకున్న నూగును వారానికోసారి పాత పళ్ల బ్రష్షుతో తీసివేస్తే పట్టు సడలదని కూడా తరువాత తెలుసుకున్నాను. గౌను చిరుగును రఫూ చేయించాను. తెలిసినవారికి తప్ప కుట్టు కనబడదు.

అయినా తప్పు మొత్తం బెల్టుదే అనలేను. అన్నేళ్లు ఉతికిన పంచెలో పోగులు అప్పటికే అరిగి ఉన్నాయి. నేను అందరికీ చెప్పిన మెత్తదనం ఖాదీ గుణం ఎంతో, ఆ అరుగుదల గుణం అంత. ఆ తేడా తెలిసింది, పొందూరు వెళ్లి కొత్త బట్ట కొని రెండో గౌను కుట్టించుకున్నాకనే. కొత్తది ఏడెనిమిది ఉతుకుల దాకా గరుకుగానే ఉంది. పైగా ఇంటి అలవాటు కొద్దీ మొదటిసారి గంజి పెట్టి ఇస్త్రీ చేయించాను. నిలబడితే ఎంతో హుందాగా ఉంది. కూర్చున్నప్పుడు మాత్రం మడత పడిన చోటల్లా అట్టముక్కలా గుచ్చుకుంది. ఇప్పుడు చేతుల చివరలను, మోకాళ్ల కింది భాగాన్ని మాత్రమే పల్చని గంజిలో ముంచుతాను. నడుము భాగానికి గంజి తగలనివ్వను. చాకలికి చెబితే నవ్వుతాడని ఆ పని నేనే చేసుకుంటున్నాను. ఖర్చు సంగతి కూడా దాచకూడదు: కొత్త గౌనుకు బట్టకూ కుట్టుకూ అయిన డబ్బుతో నైటీలు ఎన్నో వచ్చేవి. పాత పంచె ఇంట్లో లేకపోయి ఉంటే నేను అసలు ఈ దారి పట్టేదాన్నే కాదేమో.

నిలువు కోత పడినవారికి, మలమూత్రాల కోసం పొట్టకు బయట సంచీ అమర్చినవారికి ఇది ఎలా ఉంటుందో నా అనుభవాన్ని బట్టి చెప్పలేను. నాకు అడ్డకోత, పిలిస్తే ఇంటికి వచ్చే టైలరు, సెలవు మీద ఇంట్లో ఉండే వీలు, ఈ మూడూ కలిసి వచ్చాయి. నేను మళ్లీ చీరలు కడుతున్నాను, అదీ లంగా బొందు తీసివేసి రెండు అంగుళాల వెడల్పు పట్టీ కుట్టించుకున్న తరువాతే.

వచ్చే నెలలో మా ఆడపడుచుకు బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషను ఉంది. ఆమెకు కుట్లు నాకన్నా పైన, సరిగ్గా లంగా ముడి పడే చోటనే వస్తాయి కాబట్టి నాకన్నా ఆమెకే గౌను ఎక్కువ అవసరం. అడగగానే కొత్తది ఉతికి, గంజి పెట్టకుండా ఇచ్చాను. “మెత్తగా ఉండేది ఇంకోటి ఉందట కదా ఒదినా?” అంది. రఫూ చేసినది బయటికి బాగుండదని చెప్పాను.